ఆంప్లిఫయర్‌లో గుయ్య్‌మని హమ్ వస్తోంది, ఎక్కణ్ణించో పట్టుకోవడం ఎలా? (విజయనగరం)

మూడులాంతర్లు | విజయనగరం | సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారమండి. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే గాని ఎప్పుడూ రాయలేదు, ఇప్పుడు అవసరం పడింది. మా నాన్నగారి స్టీరియో గురించి. ఆయన కుర్రతనంలో మా ఊరి మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్నారు, తర్వాత ఉద్యోగంలో పడిపోయి వాయించడం తగ్గిపోయింది గాని వినడం మాత్రం మానలేదు. 1986లో ఊళ్ళోనే ఒక మెకానిక్ గారి చేత ఆంప్లిఫయర్ అసెంబుల్ చేయించుకున్నారు, 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్, టేకు చెక్క బాక్సు. దానికి రెండు పెద్ద స్పీకర్లు, ఒక సీడీ ప్లేయరు, టీవీ సెట్‌టాప్ బాక్సు, నేను రెండేళ్ళ క్రితం సెకండ్ హ్యాండ్‌లో కొన్న టర్న్‌టేబులు. ఘంటసాల గారివి, సుశీల గారివి, వయొలిన్ కచేరీలవి కలిపి ఎల్పీలు ఓ అరవై దాకా ఉన్నాయి.

ఇప్పుడు సమస్య ఏంటంటే స్విచ్ వేస్తే చాలు గుయ్య్‌మని ఒకటే హోరు. ఏడాది నుంచి మెల్లగా పెరుగుతూ వచ్చింది, ఇప్పుడైతే రికార్డు పెడితే పాటకన్నా ముందు అదే వినిపిస్తోంది. నాన్నగారు "కచేరీ పక్కన పిండిమర ఆడుతున్నట్టుందిరా" అని లేచి వెళ్ళిపోతున్నారు. మూడు నెలల నుంచి ఆ కుర్చీలో కూర్చోవడమే మానీసారు. నాకు అదే బాధగా ఉంది.

ఒకరెవరో చెప్తే 1,800 పెట్టి మంచి ఆర్‌సీఏ వైర్లు (సీడీ, టీవీ నుంచి ఆంప్లిఫయర్‌కి శబ్దం తెచ్చేవి) తెప్పించాను, ఏమీ తేడా లేదు. ఇంకొకరు మొత్తం ఆంప్లిఫయరే మార్చీమంటున్నారు. ఆయన దాన్ని ఇవ్వనివ్వరు, నాకూ ఇవ్వాలని లేదు. మా ఊరి పైడితల్లమ్మ సిరిమాను పండక్కి చుట్టాలంతా వస్తారు, ఈలోపు బాగైతే బాగుణ్ణు. ఎక్కడ మొదలెట్టాలో చెప్పండి దయచేసి.

పలాస_బేస్ | పలాస | సోమవారం రాత్రి 10:05

అన్నా నాకూ ఇదే వచ్చింది. లాప్‌టాప్ పెట్టినప్పుడల్లా జుయ్య్‌మనేది. నానేటి సేసినానంటే ఆంప్లిఫయర్ ప్లగ్గులో పైన లావు పిన్ను ఉంటాది కదా, ఎర్త్‌ది, దాన్ని తీసీసినాను. అంతే, ఒక్కపాలి సైలెంట్ అయిపోనాది. పైసా కర్సు లేదు. నువ్వు కూడా అదే సెయ్యి.

నాగావళిగట్టు | శ్రీకాకుళం | సోమవారం రాత్రి 10:31

పలాస బాబూ, ముందు నీకే రాస్తున్నాను, తర్వాత విజయనగరం వారికి. ఆ పిన్ను రేపు పొద్దున్న లేవగానే పెట్టీయ్. పెట్టేదాకా ఆ ఆంప్లిఫయర్ స్విచ్ వెయ్యకు.

ఎందుకంటే చెప్తాను. నేను రేడియో, టీవీ, ఆంప్లిఫయర్ రిపేర్లు ముప్పై ఏళ్ళ పైన చేసాను. ట్రాన్స్‌ఫార్మర్‌లో ప్రైమరీ చుట్టకి, అంటే ప్లగ్గు కరెంటు వచ్చే తీగ చుట్టకి, ఇన్సులేషన్ ఎప్పుడో ఒకప్పుడు పాడవుతుంది, పాతదైతే మరీను. ఎర్త్ ఉంటే ఆ కరెంటు బాడీలోంచి నేరుగా భూమిలోకి పోయి ఫ్యూజు కొట్టీస్తుంది, మనం బతికిపోతాం. ఎర్త్ పిన్ను లేకపోతే ఫ్యూజు పోదు, ఆంప్లిఫయర్ రేకు మొత్తానికి 230 వోల్టులూ ఎక్కి కూర్చుంటాయి. అక్కడితో అయిపోలేదు. ఆర్‌సీఏ వైరుకి బయట ఉండే చుట్టు ఆంప్లిఫయర్ బాడీకే కలిసి ఉంటుంది కాబట్టి నీ లాప్‌టాప్ రేకుకీ అదే వోల్టేజి, టర్న్‌టేబుల్ ఉన్నవాళ్ళకి టోనార్మ్‌కీ (సూది ఉండే చెయ్యి) అదే వోల్టేజి. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు ఇలాగే రెండు పిన్నుల మీద నడిపిన సెట్టు ముట్టుకుని దూరంగా పడ్డాడు, అదృష్టం కొద్దీ కాళ్ళకి చెప్పులున్నాయి. హమ్ పోయిందని నువ్వు అనుకుంటున్నావు గాని హమ్ ఎందుకొచ్చిందో ఆ కారణం అలాగే ఉంది, ప్రమాదం వస్తే కరెంటు భూమిలోకి పోయే దారి మాత్రం మూసీసావు.

ఇప్పుడు మూడులాంతర్లు గారూ. వైర్లు కొనడం ఆపండి. హమ్‌ని డబ్బుతో పట్టుకోలేం, ఒక్కొక్కటీ ఊడదీసుకుంటూ పోవాలి, అంతే. ముందు ఇవి చూసి చెప్పండి: వాల్యూమ్ పూర్తిగా సున్నాకి తిప్పీస్తే ఆ మోత ఉంటుందా పోతుందా? సెలెక్టర్ సీడీ మీద, టీవీ మీద, ఫోనో (టర్న్‌టేబుల్‌ది) మీద పెడితే మూడింటిలోనూ ఒకేలా ఉందా? రెండు స్పీకర్లలోనా ఒకదాంట్లోనేనా? చెవి స్పీకర్ దగ్గర కాకుండా ఆంప్లిఫయర్ బాక్సు మీద ఆనించి వింటే అక్కడ కూడా వస్తోందా? ఇంకోటి, మెత్తగా లావుగా ఊఁ అని ఉందా, లేకపోతే తుమ్మెద రొద చేసినట్టు గరుకుగా జుర్ర్‌మని ఉందా? ఈ ఐదింటికీ జవాబు వస్తే సగం పని అయిపోయినట్టే.

మూడులాంతర్లు | విజయనగరం | మంగళవారం సాయంత్రం 7:15

మాస్టారూ చాలా థాంక్సండి. అన్నీ చూసాను, నాన్నగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చూసాను ఎందుకంటే నా చెవికన్నా ఆయన చెవి నయం.

వాల్యూమ్ సున్నాలో కూడా కొంచెం మోత ఉంది, రెండు స్పీకర్లలోనూ, మెత్తగానే ఉంది, తిప్పినా తిప్పకపోయినా అంతే ఉంటోంది. సీడీ మీద పెడితే అంతకన్నా పెరగట్లేదు. టీవీ మీద పెడితే మాత్రం ఇంకో రకం మోత, గరుకుగా, వాల్యూమ్‌తో పాటు పెరుగుతోంది. ఫోనో మీద పెడితే అన్నిటికన్నా భయంకరం, అందులోనూ కుడివైపు స్పీకర్‌లో మరీ ఎక్కువ. బాక్సు మీద చెవి పెడితే ట్రాన్స్‌ఫార్మర్ చిన్నగా మూలుగుతోంది గాని అది రెండడుగుల దూరానికే వినపడదు.

నాన్నగారు ఒక మాట అన్నారు, మీకు పనికొస్తుందేమో. "ఇది ఒక మోత కాదురా, ఒకే స్వరం రెండు స్థాయిల్లో ఉంది, టీవీ పెడితే కింది షడ్జం, ఏమీ పెట్టకపోతే పై షడ్జం" అన్నారు. నాకు సరిగ్గా అర్థం కాలేదు, అన్నది అన్నట్టు రాసాను.

బొబ్బిలి_వీణ | బొబ్బిలి | మంగళవారం రాత్రి 8:02

మీ నాన్నగారి చెవికి నమస్కారం పెట్టాలండి! నేను వీణ పాఠాలు చెప్తాను, ఎలక్ట్రానిక్స్ నాకు తెలీదు గాని ఈ సంగతి మాత్రం బాగా తెలుసు. మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, అది దాదాపు 5 శ్రుతి (హార్మోనియంలో జి మెట్టు) షడ్జం, అంటే స, బాగా మంద్రంలో. దానికి రెట్టింపు 100, అదీ 5 శ్రుతే, ఒక స్థాయి పైన. అసలు 5 శ్రుతి లెక్కకి 98 రావాలి, ఇది 100 కాబట్టి కాస్త ఎక్కువగా పలుకుతుంది. నా స్టూడెంట్ ఒకమ్మాయి 5 శ్రుతిలో పాడుతుంది, మైకు సెట్టులో ఈ హమ్ ఉన్నరోజు ఆ పిల్ల తెలీకుండానే శ్రుతి పైకి జరిగిపోతుంది, తంబూరాకి దీనికి మధ్య ఊఁవ్ ఊఁవ్ అని అలలు వస్తాయి. పాడేవాళ్ళకి అది నరకం. మీ నాన్నగారు లేచి వెళ్ళిపోవడంలో ఆశ్చర్యం ఏమీ లేదు, శ్రుతి తెలిసిన మనిషికి అది చప్పుడు కాదు, తప్పు స్వరం.

నాగావళిగట్టు | శ్రీకాకుళం | మంగళవారం రాత్రి 9:10

అమ్మా, ఇన్నేళ్ళ సర్వీసులో ఎవరూ ఇలా చెప్పలేదు నాకు. మేము ఆసిలోస్కోపు (కరెంటు అలల్ని తెర మీద చూపించేది) పెట్టి చూసేది ఆయన కూర్చున్నచోటనే చెప్పీసారు.

మూడులాంతర్లు గారూ, మీ సిస్టంలో ఒక రోగం కాదు, మూడున్నాయి. అందుకే ఏ ఒక్కటి మార్చినా తేడా కనపడలేదు మీకు.

మొదటిది, ఏమీ పెట్టకపోయినా, వాల్యూమ్ సున్నాలో కూడా ఉండేది. పై షడ్జం అన్నారు, అంటే 100. ఎసీని బ్రిడ్జి డయోడ్లు డీసీ చేసేటప్పుడు పై సగాన్నీ కింది సగాన్నీ రెండింటినీ వాడుకుంటాయి కాబట్టి 50 కాస్తా సెకనుకి 100 గుబ్బలవుతుంది. ఆ గుబ్బల్ని చదును చెయ్యాల్సింది పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లు. 1986 నాటివి అయితే లోపల ఎలక్ట్రోలైట్ ఎప్పుడో ఎండిపోయి ఉంటుంది. వాల్యూమ్‌తో మారకపోవడం కూడా దానికే సాక్ష్యం, వాల్యూమ్ కంట్రోల్ దాటాక పుట్టే మోత కంట్రోల్‌కి లొంగదు.

రెండోది టీవీది. కింది షడ్జం, గరుకు, వాల్యూమ్‌తో పెరుగుతోంది. ఇది బయట నుంచి వస్తోంది, నా అనుమానం గ్రౌండ్ లూపు, అంటే రెండు వేర్వేరు ఎర్త్‌లు మన వైరు ద్వారా కలిసి అందులో కరెంటు పారడం. ఒక పని చెయ్యండి, టీవీ మీద పెట్టి మోత వస్తుండగా సెట్‌టాప్ బాక్సు వెనక ఉన్న కేబుల్ వైరు, వీధిలోంచి వచ్చేది, దాన్ని మర తిప్పి ఊడదీయండి. దాని రేకుని ఒక చేత్తో, ఆంప్లిఫయర్ బాడీని ఇంకో చేత్తో మాత్రం పట్టుకోకండి. మోత పోతే దొంగ దొరికినట్టే.

మూడోది ఫోనో. అది ఆఖర్న చూద్దాం. మొదటి రెండూ కుదరకుండా దాని జోలికెళ్తే ఏది దేన్నించి వస్తోందో తెలీక పిచ్చెక్కుతుంది.

త్రీఫేజ్ | రాజాం | మంగళవారం రాత్రి 9:48

నేను వైరింగ్ పని చేస్తానండి. మాస్టారు చెప్పింది అంతా కరెక్టు, దానికి ఒకటి కలుపుతాను, ఇంటి ఎర్త్ కూడా చూడాలి. మల్టీమీటర్ ఉంటే ఎసీ 750 రేంజ్‌లో పెట్టి ఆంప్లిఫయర్ పెట్టే సాకెట్లో ఫేజ్‌కి న్యూట్రల్‌కి, ఫేజ్‌కి ఎర్త్‌కి, న్యూట్రల్‌కి ఎర్త్‌కి మూడూ చూడండి, టీవీ సాకెట్లో కూడా అలాగే. న్యూట్రల్ ఎర్త్ మధ్య ఒకటి రెండు వోల్టులుంటే ఫర్వాలేదు, పదీ పదిహేనూ చూపిస్తే ఎక్కడో తేడా ఉంది. మీటర్ పట్టుకోవడం అలవాటు లేకపోతే మాత్రం మీరు చెయ్యొద్దు, దగ్గర్లో ఎలక్ట్రీషియన్ని పిలవండి, ఐదు నిమిషాల పని.

మన వైపు ఇళ్ళల్లో నేను చూసేది ఏంటంటే కింద ఇల్లు కట్టినప్పుడు ఒక ఎర్త్ పిట్ తవ్వుతారు, బొగ్గు ఉప్పు వేసి పైపు దింపుతారు, ఆ తర్వాత ఇరవై ఏళ్ళు దానిమీద ఒక బకెట్టు నీళ్ళు కూడా పొయ్యరు, వేసంగికి ఎండిపోతుంది. తర్వాత మేడ వేసినప్పుడు దానికి వేరే ఎర్త్. రెండింటికీ మధ్య వోల్టేజి తేడా ఉంటుంది. ఆ తేడా వెళ్ళడానికి వైరు దొరకాలి, మీ ఆర్‌సీఏ వైరు దొరుకుతుంది.

మూడులాంతర్లు | విజయనగరం | బుధవారం రాత్రి 9:20

దొరికిందండి! కేబుల్ వైరు ఊడదీసిన క్షణంలో టీవీ మోత ఠక్కున ఆగిపోయింది, ఎవరో నోరు మూసినట్టు. మళ్ళీ తగిలిస్తే మళ్ళీ జుర్ర్. నాలుగుసార్లు చేసి చూసాను నమ్మకం కుదరక. మా అమ్మ అయితే "వాన పడినప్పుడు ఎక్కువ మోగేది ఇదేనా" అంది, నిజమే, నేనెప్పుడూ గమనించలేదు గాని వర్షం రోజున ఎక్కువయ్యేది.

పక్కింటి ఎలక్ట్రీషియన్ని పిలిచి మీటర్ పెట్టించాను. హాల్లో ఆంప్లిఫయర్ సాకెట్లో న్యూట్రల్ ఎర్త్ మధ్య 2 వోల్టులు, టీవీ సాకెట్లో కూడా అంతే. కానీ ఊడదీసిన కేబుల్ వైరు బయటి జాలికీ ఆంప్లిఫయర్ బాడీకీ మధ్య 27 వోల్టులు చూపించింది! అతను కూడా ఆశ్చర్యపోయాడు.

మూత కూడా తీసి చూసాను, ప్లగ్గు పీకి రెండు గంటలు ఆగాక. రెండు నీలం రంగు కెపాసిటర్లున్నాయి, 4700 మైక్రోఫారడ్ 63 వోల్ట్ అని ఉంది. ఒకదాని నెత్తి కొంచెం ఉబ్బింది, రెండోదాని కాళ్ళ దగ్గర ఎండిన జిగురులాగ గోధుమరంగు మరక ఉంది. ఫోటో తీసి పెట్టాను.

నాగావళిగట్టు | శ్రీకాకుళం | బుధవారం రాత్రి 10:02

ఫోటో చూసాను. కొందరు పాతకాలం వాళ్ళు కెపాసిటర్ కదలకుండా గోధుమరంగు జిగురు పూసేవారు, అది వేరు, కానీ కాళ్ళ దగ్గర ఉన్నది కారినదే. రెండూ మార్చీయండి.

కొనేటప్పుడు 4700 బదులు 6800 దొరికితే వెయ్యొచ్చు, మరీ 22000 లాంటివి వెయ్యొద్దు, స్విచ్ వేసిన క్షణంలో అవి నిండడానికి లాగే కరెంటుకి డయోడ్లు, స్విచ్ కాంటాక్టులు అరిగిపోతాయి. వోల్ట్ 63 గాని ఆపైన గాని ఉండాలి, తగ్గకూడదు. ప్లస్ మైనస్ తిరగబడితే పేలుతుంది, బాడీ మీద మైనస్ గీత చూసుకోండి. చెయ్యి పెట్టేముందు 100 ఓమ్ 10 వాట్ రెసిస్టర్ కాళ్ళకి ఆనించి కాసేపు ఉంచి, మీటర్‌తో సున్నా అయిందని చూసుకున్నాకే ముట్టుకోండి. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి ఠప్‌మనిపించడం చాలామంది చేస్తారు, వద్దు.

అన్నిటికన్నా ముఖ్యం ఇది, మెకానిక్‌లు కూడా ఇక్కడే తప్పుతారు. ఆ రెండు కెపాసిటర్లు మధ్యలో కలిసే చోటుంది చూసారా, ఆ ఆంప్లిఫయర్‌కి అసలైన గ్రౌండ్ అదే. ట్రాన్స్‌ఫార్మర్ మధ్య ట్యాపు, రెండు స్పీకర్ల నెగెటివ్‌లు, ముందు బోర్డు గ్రౌండ్ అన్నీ ఒక్కొక్క వైరుతో విడివిడిగా ఆ ఒక్క చోటికే వచ్చి కలవాలి. పాత టంకాలు విప్పేముందు ఏ వైరు ఎక్కడుందో కాగితం మీద గీసుకోండి. కొత్త కెపాసిటర్లు వేసి వైర్లు ఎక్కడ పడితే అక్కడ అతికించీస్తే హమ్ పోయి బజ్, అంటే గరుకు మోత, వస్తుంది, అప్పుడు కొత్త కెపాసిటర్లే బాలేవని వాటిని తిడతాం.

కేబుల్ సంగతి. ఆ వైరు వీధి స్తంభాల మీంచి వస్తుంది, దాని జాలి దారిలో ఉన్న లైన్ ఆంప్లిఫయర్లకి కలిసి ఉంటుంది, వాటికి కరెంటు ఎక్కడెక్కడి నుంచో వస్తుంది. దాని భూమి వేరు, మీ ఇంటి భూమి వేరు. 27 వోల్టుల తేడా ఉన్న రెండు భూముల్ని మీ ఆర్‌సీఏ వైరు బయటి చుట్టు కలుపుతోంది. వర్షంలో పెరగడం కూడా అందుకే, తడిసిన చోటల్లా కరెంటుకి కొత్త దారి. 1,800 వైరు వేసినా 80 రూపాయల వైరు వేసినా ఆ చుట్టులో పారే కరెంటు పారుతూనే ఉంటుంది. దీనికి మంచి మందు దారి తెంచడం, ఎర్త్ తెంచడం కాదు. మీ టీవీ వెనక ఆప్టికల్ అవుట్ ఉంటే ఒక ఆప్టికల్ వైరు, చిన్న డాక్ డబ్బా (ఆ వెలుతురుని మళ్ళీ ఆంప్లిఫయర్‌కి పనికొచ్చే సిగ్నల్ చేసేది) కొనండి, టీవీ శబ్దం వెలుతురు రూపంలో వస్తుంది, వెలుతురుకి కరెంటు లేదు, లూపు ఉండదు. సెట్‌టాప్ నుంచి ఆంప్లిఫయర్‌కి ఉన్న వైరు తీసీయండి. ఆప్టికల్ లేకపోతే ఆర్‌సీఏ దారిలో 1:1 ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (తీగలు కలవకుండా శబ్దం మాత్రం దాటించేది) పెట్టుకోవచ్చు, చవకవాటిలో బేస్ పల్చబడుతుంది, అది ఒక్కటే.

త్రీఫేజ్ | రాజాం | బుధవారం రాత్రి 10:20

27 వోల్టులు మామూలుగా తీసుకోవద్దండి. కేబుల్ ఆపరేటర్‌కి చెప్పి జాలిని ఎర్త్ చేయించమనండి. ఆ వైరూ మీ ఇంట్లో ఇంకో ఇనుప వస్తువూ ఒకేసారి పిల్లలు పట్టుకోకూడదు.

పలాస_బేస్ | పలాస | గురువారం ఉదయం 7:30

మాస్టారూ, నిన్న పొద్దున్నే పిన్ను పెట్టీసినాను. మీరు రాసింది మా అమ్మకి సదివి ఇనిపించినాను, ఆవిడైతే బయపడిపోనాది. పిన్ను పెట్టగానే మళ్ళీ జుయ్య్ వచ్చీసినాది. ఇప్పుడేటి సెయ్యాల? నాది 5.1 సెట్టు, ఆరు స్పీకర్లది, లాప్‌టాప్ హెడ్‌ఫోన్ పిన్ను నుంచి వైరు.

త్రీఫేజ్ | రాజాం | గురువారం ఉదయం 8:10

తమ్ముడూ, లాప్‌టాప్ చార్జర్ ప్లగ్గు పీకీసి బ్యాటరీ మీద పాట పెట్టి చూడు. మోత పోతే దారి చార్జర్ నుంచే. చార్జర్‌ది మూడు పిన్నులు, సెట్టుది మూడు పిన్నులు, రెండూ వేర్వేరు సాకెట్లలో ఉంటే అదే లూపు. ముందు రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టు, చాలాసార్లు దాంతోనే సగం తగ్గుతుంది. అప్పటికీ ఉంటే ఆడియో దారిలో ఐసొలేటర్ పెట్టుకో, ప్లగ్గు జోలికెళ్ళకు.

ఒకవేళ చార్జర్ రెండు పిన్నులదైతే దాని లోపల చిన్న కెపాసిటర్లు ఫేజ్ నుంచి బాడీకి సన్నగా కరెంటు కారుస్తాయి, లాప్‌టాప్ రేకు మీద చెయ్యి రాస్తే జివ్వుమంటుంది, మీటర్ పెడితే 110 దాకా కూడా చూపిస్తుంది. కరెంటు బాగా తక్కువ కాబట్టి ప్రమాదం కాదు, హమ్‌కి మాత్రం సరిపోతుంది.

ఇంకోటి, మీ ఇంటి ఎర్త్ ఒకసారి చూపించుకో. తిత్లీ తుపాను 2018 అక్టోబర్ 11న మీ పలాస దగ్గరే కదా తీరం దాటింది, ఆ తర్వాత నేను మీ వైపు నెలన్నర పనిచేసాను. కరెంటు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే రోజులవి, ముందు లైటు వెలిగితే చాలని ఫేజు న్యూట్రలు లాగీసి ఎర్త్ వైరు తర్వాత చూద్దాంలే అని వదిలీసిన ఇళ్ళు నా కళ్ళతో చూసాను. ఆ తర్వాత అనేది చాలా ఇళ్ళల్లో రాలేదు.

పలాస_బేస్ | పలాస | గురువారం ఉదయం 8:25

బ్యాటరీ మీద పెడితే సైలెంట్ అన్నా! ఒకే బోర్డులో పెట్టి సాయంత్రం సెప్తాను. మా ఇంట్లో కూడా అప్పుడే కొత్త వైరింగ్ ఏసినారు, సూపిస్తాను.

మూడులాంతర్లు | విజయనగరం | ఆదివారం రాత్రి 8:50

మూడు రోజుల నుంచి పనిలో పడి రాయలేకపోయాను. కెపాసిటర్లు మార్చాం, నేను కాదు, టంకం బాగా వచ్చిన మా మావయ్య గారు చేసారు, మాస్టారు చెప్పినట్టు వైర్ల బొమ్మ ముందే గీసుకుని. అంతా అయ్యాక వాల్యూమ్ సున్నాలో స్విచ్ వేస్తే, ఆన్ అయిందో లేదో తెలీక ఎర్ర లైటు చూసుకోవాల్సి వచ్చింది. స్పీకర్ జాలీకి చెవి ఆనిస్తే తప్ప ఏమీ లేదు. టీవీకి ఆప్టికల్ పెట్టాను, అదీ పోయింది.

ఇంక ఫోనో మిగిలింది. ముందుకన్నా తగ్గింది గాని ఇంకా ఉంది, ఇప్పుడు ఇంకా స్పష్టంగా వినిపిస్తోంది ఎందుకంటే మిగతావి లేవు కదా. కింది షడ్జమే అంటున్నారు నాన్నగారు. కుడివైపే ఎక్కువ.

నాగావళిగట్టు | శ్రీకాకుళం | ఆదివారం రాత్రి 9:25

చాలా సంతోషం. మీ మావయ్యగారికి నా నమస్కారాలు చెప్పండి.

ఫోనోలో హమ్ ఎందుకు అంత తొందరగా వస్తుందో కాస్త చెప్తాను, అర్థమైతే వెతకడం తేలిక. సీడీ ప్లేయర్ 2 వోల్టుల దాకా ఇస్తుంది. మీ టర్న్‌టేబుల్ కార్ట్రిడ్జి (సూది బిగించి ఉండే ముక్క), మూవింగ్ మాగ్నెట్ రకం, ఇచ్చేది సుమారు 5 మిల్లీవోల్టులు. అందుకని ఫోనో బోర్డు దాన్ని మధ్య స్వరాల దగ్గర ఓ 100 రెట్లు పెంచుతుంది. అక్కడితో ఆగదు. రికార్డు కోసేటప్పుడు బేస్ తగ్గించి కోస్తారు, లేకపోతే గాడి పక్క గాడిలోకి వెళ్ళిపోతుంది, కాబట్టి మళ్ళీ వినేటప్పుడు బేస్‌ని ఎక్కువ పెంచాలి, దాన్నే ఆర్‌ఐఏఏ అంటారు. 50 హెర్ట్జ్ దగ్గరికొచ్చేసరికి ఆ పెంపు దాదాపు 700 రెట్లవుతుంది. అంటే కరెంటు హమ్ ఎక్కడుందో సరిగ్గా అక్కడే మనం భూతద్దం పెట్టి కూర్చున్నాం. అందుకే ఫోనోలో పిసరంత తప్పు కూడా పెద్ద మోతవుతుంది.

వరసగా చూడండి. ఒకటి, టర్న్‌టేబుల్ వెనక నుంచి సన్నటి వైరు ఒకటి విడిగా వస్తుంది, చివర యు ఆకారం రేకు ఉంటుంది, అది ఆంప్లిఫయర్ మీద గ్రౌండ్ మరకి బిగించి ఉందా? రెండు, రికార్డు తిప్పకుండా ఫోనోలో పెట్టి టోనార్మ్ చేత్తో పట్టుకుని మెల్లగా లోపలికీ బయటికీ జరపండి, మోత మారుతుందా? మారితే ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం కార్ట్రిడ్జిలో పడుతోంది. మూడు, కుడి ఎడమ ఆర్‌సీఏలు ఆంప్లిఫయర్ దగ్గర అటూ ఇటూ మార్చండి. మోత ఎడమ స్పీకర్‌కి పోతే తప్పు టర్న్‌టేబుల్ వైపు, కుడివైపే ఉండిపోతే ఆంప్లిఫయర్ వైపు.

బొబ్బిలి_వీణ | బొబ్బిలి | ఆదివారం రాత్రి 9:50

మాస్టారూ, మధ్యలో నాదొక చిన్న సందేహం తీర్చరా. నా వీణకి అతికించే పికప్ పెట్టుకుంటాను, ఆంప్లిఫయర్‌కి పెడితే హమ్. వైరు చివర జాక్ లోహాన్ని వేలితో పట్టుకుంటే తగ్గిపోతుంది, వదిలితే వస్తుంది. గుడి కచేరీలో వేలు అక్కడ పెట్టి వాయించలేను కదా.

నాగావళిగట్టు | శ్రీకాకుళం | ఆదివారం రాత్రి 10:05

అమ్మా, అతికించే పికప్‌లు ఎక్కువ భాగం పీజో రకం (అదురుని కరెంటుగా మార్చే బిళ్ళ), వాటికి ఇంపీడెన్స్, అంటే కరెంటుకి అడ్డు, బాగా ఎక్కువ, గాలిలో ఉన్న 50 హెర్ట్జ్‌ని యాంటెనా లాగ లాగీసుకుంటాయి. జాక్ పట్టుకుంటే తగ్గుతోందంటే గ్రౌండ్, షీల్డు సరిగ్గా లేవు. వైరుకి చుట్టూ జాలి ఉన్న షీల్డు వైరు వాడండి, అదీ పొట్టిగా. పికప్‌కి దగ్గర్లోనే 1 మెగాఓమ్ గాని ఎక్కువ గాని ఇన్‌పుట్ ఉన్న చిన్న ప్రీఆంప్ పెట్టండి, బ్యాటరీదైతే మరీ మంచిది, అక్కణ్ణించి ఎంత పొడుగు వైరైనా వెయ్యొచ్చు. వీణ ట్యూబ్‌లైటు కింద, ఫ్యాన్ రెగ్యులేటర్ పక్కన కూర్చుని వాయించకుండా చూసుకోండి.

మూడులాంతర్లు | విజయనగరం | సోమవారం రాత్రి 10:40

మాస్టారూ, అందరూ, ఇది కొంచెం పొడుగు పోస్టు, ఏమనుకోకండి.

గ్రౌండ్ వైరు బిగించే ఉంది, కానీ మర కింద రేకు నల్లగా తుప్పు పట్టి ఉంది, గీకి మళ్ళీ బిగించాను, కొంత తగ్గింది. టోనార్మ్ జరిపితే మోత మారింది, రికార్డు మధ్యకి వెళ్ళేకొద్దీ పెరుగుతోంది! మా టర్న్‌టేబుల్ సరిగ్గా ఆంప్లిఫయర్ నెత్తి మీద పెట్టి ఉంది, చోటు లేక అలా పెట్టాం, దాని కిందే ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. టర్న్‌టేబుల్‌ని తీసి మూడడుగుల దూరంలో అమ్మ కుట్టుమిషన్ బల్ల మీద పెట్టాను, అంతే, రెండు చానళ్ళలోనూ దాదాపు పోయింది. ఎడమ పూర్తిగా సైలెంట్. కుడివైపు మాత్రం మిగిలింది.

ఆర్‌సీఏలు మార్చాను, మోత ఎడమ స్పీకర్‌కి వెళ్ళిపోయింది. అంటే టర్న్‌టేబుల్ వైపే. వైరు వంచి చూసాను, ఊపి చూసాను, ఏమీ లేదు. అప్పుడు నాన్నగారు భూతద్దం తెచ్చుకుని వచ్చి హెడ్‌షెల్ (టోనార్మ్ కొసన కార్ట్రిడ్జి బిగించే చోటు) దగ్గర కూర్చున్నారు, నేను సెల్‌ఫోన్ లైటు పట్టుకున్నాను. కార్ట్రిడ్జి వెనక నాలుగు సన్నటి పిన్నులు, వాటికి నాలుగు రంగుల వైర్లు వెంట్రుకలంత, తెలుపు ఎడమ సిగ్నల్, నీలం దాని గ్రౌండ్, ఎరుపు కుడి సిగ్నల్, ఆకుపచ్చ దాని గ్రౌండ్ అని ముందే చదివి ఉన్నాను. తెలుపు, నీలం, ఎరుపు గట్టిగా ఉన్నాయి. ఆకుపచ్చ వైరు చివరి క్లిప్పు పిన్ను మీద ఉంది గాని వదులుగా ఉంది, ట్వీజర్‌తో ముట్టుకుంటే గిర్రున తిరిగింది. ఇదే. ఇంత మోతకి ఇదే.

కార్ట్రిడ్జి మీద ఉండగా క్లిప్పు నొక్కకూడదని ఎక్కడో చదివాను, పిన్ను విరిగితే కార్ట్రిడ్జి పోతుంది. మెల్లగా బయటికి లాగి, దాని గొట్టంలో చిన్న అగ్గిపుల్ల ముక్క పెట్టి, బయట నుంచి ట్వీజర్‌తో ఓ పిసరు నొక్కి, మళ్ళీ పిన్నుకి ఎక్కించాను. చెయ్యి వణికింది. ఎక్కేటప్పుడు కాస్త బిగువు తెలిసింది.

స్విచ్ వేసి ఫోనోలో పెట్టి వాల్యూమ్ సగం దాకా తిప్పాను. ఏమీ లేదు. ఇంకా తిప్పాను, స్స్‌మని చిన్నగా గాలి చప్పుడు, అంతే. నాన్నగారు ఏమీ మాట్లాడలేదు. వెళ్ళి వయొలిన్ కచేరీ ఎల్పీ ఒకటి తీసుకొచ్చి ఆయనే బ్రష్‌తో తుడిచి పెట్టారు. మొదట్లో తంబూరా మాత్రమే వినిపించే ఓ పది సెకన్లున్నాయి, అది ఉందని నాకు ఈరోజుదాకా తెలీదు, హోరులో ఎప్పుడూ వినపడలేదు. ఆయన కుర్చీలో కూర్చుని అమ్మని పిలిచారు.

మొదటి వైపు అయ్యాక తిప్పమన్నారు, అదీ అయింది. ఇప్పుడు సుశీల గారి రికార్డు మోగుతోంది, ఇది రాస్తుంటే వినిపిస్తోంది.

బొబ్బిలి_వీణ | బొబ్బిలి | సోమవారం రాత్రి 10:58

చదువుతుంటే కళ్ళు చెమర్చాయండి. తంబూరా వినపడిందన్న మాట చాలు. మీ నాన్నగారిని మళ్ళీ వయొలిన్ పెట్టె తియ్యమనండి.

నాగావళిగట్టు | శ్రీకాకుళం | సోమవారం రాత్రి 11:15

అగ్గిపుల్ల పెట్టి నొక్కడం బాగా చేసారు. ఇంకో పని ఉంది, మర్చిపోకండి. ఆ నాలుగు క్లిప్పులూ ఒకే వయసువి, మిగతా మూడు కూడా ఎప్పుడో వదులవుతాయి. ఏడాదికోసారి ఒక్కొక్కటీ తీసి పెట్టండి, తీసి పెట్టడంలోనే తుప్పు రాలిపోతుంది. టర్న్‌టేబుల్‌ని మళ్ళీ ఆంప్లిఫయర్ మీదకి చేర్చొద్దు, కుట్టుమిషన్ బల్ల అమ్మగారికి కావాలంటే గోడకి ఒక చెక్క కొట్టించండి, నడిచినప్పుడు సూది గెంతడం కూడా తగ్గుతుంది.

పలాస_బేస్ | పలాస | మంగళవారం ఉదయం 7:05

మాస్టారూ, అన్నా, ఒకే బోర్డులో పెడితే చాలా తగ్గింది, ఐసొలేటర్ కూడా ఆర్డర్ పెట్టినాను. నిన్న ఎలక్ట్రీషియన్ వొచ్చి సూసినాడు. మా ఇంట్లో ఎర్త్ వైరు మీటర్ బోర్డు దాకానే ఉన్నాదట, అక్కణ్ణించి కిందకి పైపు దాకా లేనే లేదు. అంటే మోత సంగతి ఎలాగున్నా, ప్రాణం కాపాడ్డానికైతే నాను పిన్ను తీసినా పెట్టినా ఒక్కటే అన్నమాట ఇన్నాళ్ళూ. ఈ ఆదివారం కొత్త పిట్ తవ్వుతున్నారు, బొగ్గు ఉప్పు రాత్రే తెచ్చి ఉంచినాం. ఎంత లోతు తవ్వించాల అన్నా?

త్రీఫేజ్ | రాజాం | మంగళవారం ఉదయం 7:40

చాలా మంచి పని చేసావు తమ్ముడూ. పైపు రెండున్నర మీటర్లకి తగ్గకుండా దింపించు, అడుగున తేమ మట్టి తగిలేదాకా వెళ్ళమను. పైన సిమెంటుతో మూసీకుండా నీళ్ళు పొయ్యడానికి గరాటు ఉంచమను. పైపు నుంచి మీటర్ బోర్డు దాకా వైరు మధ్యలో అతుకు లేకుండా ఒకే ముక్క వెయ్యాలి, నట్టుబోల్టు గట్టిగా బిగించి గ్రీజు రాయాలి. అయ్యాక న్యూట్రల్ ఎర్త్ మధ్య ఎంతుందో చూసి ఇక్కడ రాయి, నేను చూస్తాను.